నిండిన ఫోను – మూడు ఉత్తరాలు

ఈ వారం ఉత్తరాల కట్ట విప్పేసరికి ఒక విడ్డూరం కనిపించింది. గద్వాల నుంచి ఒక సోదరి, వనపర్తి నుంచి ఒక విద్యార్థి, నాగర్‌కర్నూలు పక్క పల్లెనుంచి ఒక పెద్దాయన – ఒకరినొకరు ఎరుగనివారు – ముగ్గురూ ఒకే బాధ వ్రాశారు. పాత పాలమూరు జిల్లానుంచి 2016 అక్టోబరులో ఈ మూడూ వేరు కాపురాలు పెట్టాయి గాని, ఫోను విషయంలో ఇంకా ఉమ్మడి కుటుంబమే కాబోలు!

బాధ ఏమిటంటారా? ఫోను నిండిపోయింది. తెరమీద "స్టోరేజ్‌లో చోటు లేదు" అని ఒక ముక్క వస్తుంది. మొదట్లో మనం దానిని పట్టించుకోము. వేలితో పక్కకు నెట్టేసి మన పనిలో మనం పడతాము. నాలుగు రోజులు పోయాక ఫొటో తీయబోతే కెమెరా మొరాయిస్తుంది. వాట్సాప్ తెరవబోతే ముందు చోటు చేసుకొని రమ్మంటుంది. ఏ మీట నొక్కినా ఎద్దుబండి నడకే. అప్పుడు కంగారు పుట్టి, చేతికందినదల్లా చెరిపేస్తాము. ఈ మూడు ఉత్తరాలూ ఆ కంగారులో వ్రాసినవే.

ముందుగా గద్వాల సోదరికి జవాబు చెబుతాను. ఆమెకు వ్యవధి తక్కువ. ఉత్తరం కూడా పెద్దది. అవసరమైనంత మేరకు ఇస్తున్నాను.

"మాది మగ్గం ఇల్లు. మా ఆయనా నేనూ ఇద్దరమూ నేస్తాము. ఇద్దరికీ ఫోను ఒక్కటే. అంచుల బొమ్మలు, కొంగుల బొమ్మలు, ఎవరికి ఏ రంగు కావాలో అన్నీ దాంట్లోనే ఉన్నవి. మా మామగారు రెండేళ్ల క్రితం పోయినారు. ఆఖరి ఆరు నెలలు వైద్యం కోసమని కర్నూలులో మా ఆడబిడ్డ ఇంట్ల ఉన్నారు. అక్కడినుంచి ఆమె ఫోనులో మాట్లాడి మాకు పంపుతుండె. అంచులో ఏ పోగు తర్వాత ఏ పోగు ఎత్తాలె, జరీ ఎక్కడ తెగుతది, ఎక్కడ ముడి వేయాలె – అంతా మాటల్లోనే చెప్పేవారు. పని ఆగినప్పుడల్లా ఇప్పటికీ ఆ మాట పెట్టుకొని వింటాము. మొన్న ఫోను నిండిందని దుకాణానికి పట్టుకపోతే అతను, 'అంతా కొట్టేస్తే కొత్త ఫోను లెక్క ఐతది అక్కా' అన్నాడు. వారం ఆగు తమ్ముడూ అని చెప్పి తెచ్చుకున్న. ఏం చేయాలె?"

అమ్మా, ఆగి చాలా మంచి పని చేశారు. ఇంకా ఆగండి. దుకాణం అబ్బాయి అబద్ధం చెప్పలేదు. అతను చెప్పినట్లు చేస్తే ఫోను నిజంగానే కొత్తదానిలా అవుతుంది. కొత్త ఫోనులో మీ మామగారి మాట ఉండదు గదా! ఫోనును మొదటి స్థితికి తెచ్చే ఆ పద్ధతిని ఫ్యాక్టరీ రీసెట్ అంటారు. దానివల్ల లోపలి ఫొటోలు, మాటలు, లెక్కలు అన్నీ తుడుచుకుపోతాయి. అది ఇల్లు ఊడ్చడం కాదు, ఇల్లు కూల్చి మళ్లీ కట్టడం.

దీనికి తోడు ఇంకొక చిక్కున్నది. రీసెట్ చేసిన ఆండ్రాయిడ్ ఫోను మళ్లీ తెరుచుకొనేటప్పుడు సాధారణంగా లోగడ అందులో ఉన్న గూగుల్ ఖాతాను, లేదా పాత తాళపు గుర్తును అడుగుతుంది. దొంగలు ఎత్తుకుపోయినా వాడుకోకుండా ఉండేందుకు పెట్టిన కాపలా అది. మన ఇళ్లలో ఆ ఖాతా ఎవరు తెరిచి ఉంటారు? ఫోను కొన్ననాడు కొట్టులోని కుర్రవాడు తనకు తోచిన పేరుతో ఒక జీమెయిలు తెరిచి, తనకు తోచిన పాస్‌వర్డు పెట్టి, ఫోను చేతిలో పెట్టి పంపేసి ఉంటాడు. ఆ పాస్‌వర్డు అతనికీ గుర్తుండదు, మనకు చెప్పనే చెప్పడు. కనుక ఈ ఉత్తరం చదువుతున్న వారందరికీ ఒక మనవి. సెట్టింగ్స్ తెరిచి గూగుల్ అనే చోట ఏ ఖాతా ఉన్నదో చూడండి. దాని పాస్‌వర్డు తెలియకపోతే, ఫోను బాగా పనిచేస్తున్న ఈ రోజే మార్చుకొని, రేషను కార్డు పెట్టుకొనే పెట్టెలో ఒక చీటీమీద వ్రాసి ఉంచుకోండి.

ఇప్పుడు బరువు సంగతి. ఫోనులో ఏది ఎంత చోటు తింటుందో తెలియకపోవడంవల్లనే మనం బంగారాన్ని పారేసి తవుడు దాచుకుంటున్నాము. వాట్సాప్‌లో ఒక నిమిషం మాట్లాడి పంపితే అది పావు ఎంబీ కూడా ఉండదు. అదే ఒక నిమిషం వీడియో ఫోనుతో ఫుల్ హెచ్‌డీలో తీశామంటే సుమారు నూరు ఎంబీ. 4కే అనే మరీ స్పష్టమైన తరహాలో తీస్తే దానికి మూడింతలు దాకా పోతుంది. మీ మామగారు ఆరు నెలలపాటు, రోజూ పది నిమిషాల చొప్పున, ఒక్కనాడూ మానకుండా మాట్లాడి పంపారనుకొందాం. నేను కాగితంమీద లెక్క వేశాను. మొత్తం అర జీబీ కాదు. పెండ్లి బారాత్‌లో ఐదు నిమిషాల డ్యాన్సు వీడియో ఎంత చోటు తింటుందో, ఆయన ఆరు నెలల మాటా అంతే తింటుందన్నమాట. ఆ డ్యాన్సు వీడియో నాలుగు గ్రూపులలో నాలుగు ప్రతులుగా మీ ఫోనులో ఉన్నా నేను ఆశ్చర్యపడను.

ఇక పని మొదలుపెడదాం. మొదట ఏమీ చెరపవద్దు. మామగారి మాటలను ఒక్కొక్కటిగా వేలితో అదిమిపట్టండి. పైన చిన్న నక్షత్రం గుర్తు కనిపిస్తుంది, దానిని తాకండి. నక్షత్రం పెట్టినవి అన్నీ ఒకచోట కనిపిస్తాయి, వెతుక్కోనక్కరలేదు. రేపు ఎప్పుడైనా ఆ సంభాషణను శుభ్రం చేయవలసివచ్చినా, నక్షత్రం ఉన్నవి వదిలిపెట్టమని చెప్పే వీలు వాట్సాప్‌లో ఉన్నది. ఆ ప్రశ్న తెరమీదకు వచ్చినప్పుడు గడిలో టిక్కు ఉన్నదో లేదో నిదానంగా చదివి మరీ నొక్కండి.

నక్షత్రం చాలదు. అది అదే ఇంట్లో పెట్టెకు తాళం వేయడం వంటిది. ఇల్లే పోతే పెట్టే పోతుంది. కాబట్టి మాట ఇంకొకచోట కూడా ఉండాలి. అదే విధంగా మాటను అదిమిపట్టి, షేర్ అనే గుర్తు నొక్కి, గూగుల్ డ్రైవ్‌లోకి పంపవచ్చును. చాలా ఉంటే, ఊళ్లో కంప్యూటరు తెలిసిన పిల్లవాడిని పిలిచి, కేబులుతో ఫోనును తగిలించి, లోపల ఆండ్రాయిడ్, అందులో మీడియా, అందులో వాట్సాప్ పేరుగల ఫోల్డరు, దాని లోపల మళ్లీ మీడియా, చివరకు వాట్సాప్ వాయిస్ నోట్స్ – అక్కడిదంతా ఒక పెన్‌డ్రైవులోకి ఎత్తించండి. మీ ఎదుట కూర్చోబెట్టి ఎత్తించండి. ఫోను అతని చేతికిచ్చి రేపు రమ్మంటే వెళ్లిపోకండి.

మరొక సంగతి మీకు తట్టి ఉండదు. ఆ మాటలు బయలుదేరినది కర్నూలులోని మీ ఆడబిడ్డ ఫోనునుంచి. ఆమె ఫోను మార్చకుండా, శుభ్రం చేయకుండా ఉంటే, అక్కడా ఒక ప్రతి ఉంటుంది. ఈ రోజే ఆమెకు ఫోను చేసి, "వదినా, నాయిన మాటలు తీసేయకు" అని ఒక్క ముక్క చెప్పండి.

ఇదంతా ఎందుకింత చాదస్తంగా చెబుతున్నానంటే, మీ జిల్లాలోనే దీనికి సాక్ష్యమున్నది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు వెనక్కు ఎక్కివస్తాయని తెలిసినప్పుడు, కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయాన్ని పురావస్తు శాఖవారు రాళ్లుగా విప్పి, అలంపురం తెచ్చి, తిరిగి నిలబెట్టారు. ఇప్పటికీ వెళ్లి చూడవచ్చును. ఇళ్లు, పొలాలు, చింతచెట్లు ఎన్నో నీళ్లలో పోయాయి. నీళ్లు రాకముందు విప్పుకొన్నది దక్కింది. మీరూ అంతే చేయండి. పెన్‌డ్రైవులోకి ఎక్కించిన మాటను ఇంకొక ఫోనులో పెట్టి చెవులారా విన్న తరువాతనే, ఈ ఫోనులో చెరిపే పని మొదలుపెట్టండి.

అంచుల బొమ్మల సంగతి కూడా చెబుతాను. గద్వాల చీర మడిస్తే అగ్గిపెట్టెలో పడుతుందని మన పెద్దలు గొప్పగా చెప్పుకుంటారు. విప్పితే మళ్లీ అదే చీర – నడుమ నూలు, అంచూ కొంగూ పట్టు, పోగు పోకుండా. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో అటువంటిది కాదు. అది పంపేటప్పుడు బొమ్మను కుదించి చిన్నది చేస్తుంది. విప్పినా మొదటి బొమ్మ రాదు. తెరమీద చూడడానికి బాగానే ఉంటుంది గాని, వేళ్లతో పెద్దది చేసి అంచులో పోగులు లెక్కపెట్టబోతే మసకబారుతుంది. కనుక "ఎవరికో పంపాను గదా, వారి దగ్గర ఉంటుంది" అనుకొని అసలు ఫొటోను చెరపకండి. అసలుది పంపదలచుకొంటే, ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపండి. అప్పుడు ఉన్నది ఉన్నట్లు వెళుతుంది.

ఇన్ని జాగ్రత్తలూ అయినాక అసలు ఊడ్పు చాలా తేలిక. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరవండి. 5 ఎంబీకి మించినవన్నీ ఒక కుప్పగా, చాలాసార్లు చేతులు మారినవన్నీ మరొక కుప్పగా అదే పోసి చూపిస్తుంది. కింద ఎవరి సంభాషణ ఎంత చోటు తిన్నదో పెద్దదాని దగ్గరనుంచి వరుసగా ఉంటుంది. పెద్ద వీడియోల కుప్పతో మొదలుపెట్టండి. ఇరవై వీడియోలు తీసేస్తే వచ్చే చోటు రెండువేల మాటలు తీసేసినా రాదు. అయితే వాట్సాప్‌లోంచి చెరిపినది చెత్తబుట్టలోకి పోయి మనకోసం ఎదురుచూడదు. పోయిందంటే పోయినట్లే. కళ్లజోడు పెట్టుకొని, అన్నం తిన్న తరువాత, తొందరలేని వేళ చేయండి.

నాగర్‌కర్నూలు పెద్దాయన ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకొన్నాను, ఆ తరువాత ఆలోచనలో పడ్డాను. ఆయన కొడుకూ కోడలూ పూణేలో కట్టుబడి పనిమీద ఉన్నారు. పాలమూరునుంచి పనికోసం దూరదేశం పోవడం కొత్త సంగతి కాదు, తరాలనుంచి ఉన్నదే. మనుమరాలికి ఏడాది నిండింది. బిడ్డ అడుగులు వేస్తున్న వీడియో కోడలు పంపింది. అది తెరుచుకోలేదు, ఫోనులో చోటు లేదు. చోటంతా దేనితో నిండిందయ్యా అని చూస్తే, పొద్దున్నే వచ్చే శుభోదయాలతో! ఆయన ఉన్నవి ఇరవైయేడు గ్రూపులు. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, శుక్రవారం లక్ష్మి, శనివారం వేంకటేశ్వరుడు. నడుమ గులాబీలు, దీపాలు, చాయ్ కప్పులు. తీసేయవచ్చుగదా అంటే, ఆయన అడిగిన ప్రశ్న ఇది: "దేవుని బొమ్మ చేత్తో కొట్టేస్తే పాపం తగులదా?"

ఈ బాధ ఆయన ఒక్కరిదే అనుకొనేరు. 2018 జనవరిలో అమెరికాలోని వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక మన శుభోదయాలమీద ఒక పెద్ద వ్యాసమే వేసింది. భారతదేశంలో ఫోన్లు ఎందుకు ఊరకే నిండిపోతున్నవో తెలుసుకొందామని గూగుల్ కంపెనీవారు వెతికితే, ఈ పూలూ దీపాలూ బయటపడ్డాయట. మన దేశంలో ముగ్గురిలో ఒకరి ఫోను రోజూ నిండిపోతుంటే, అమెరికాలో పదిమందిలో ఒకరిదే అటువంటి స్థితి అని, స్టోరేజ్ సామాను చేసే ఒక కంపెనీ లెక్కను అందులో ఇచ్చారు. దానికి మందుగానే గూగుల్‌వారు ఫైల్స్ అనే యాప్‌లో ఈ శుభోదయాలను పోల్చి పట్టుకొని ఒకచోట చూపే ఏర్పాటు చేశారు. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో అది ముందుగానే ఉంటుంది. తెరిచి, క్లీన్ అనే చోట నొక్కితే, ఒకే బొమ్మకు రెండేసి ప్రతులు, పెద్ద ఫైళ్లు, పాత డౌన్‌లోడ్లు వేరు వేరు కుప్పలుగా చూపుతుంది.

ఇక పాపం సంగతి. అయ్యా, నేను శాస్త్రం చదివినదాన్ని కాను. కాని వినాయకచవితికి మనమే మట్టితో స్వామిని చేసి, పూజించి, మూడోనాడో తొమ్మిదోనాడో మన చేతులతోనే నీళ్లలో కలుపుతున్నాము గదా! ఎవరూ పాపమనుకోరు. పాత క్యాలెండరు మీది లక్ష్మీదేవిని ఏడాది తిరగ్గానే తీసి కొత్తది తగిలిస్తాము. పొద్దున్న కళ్లకద్దుకొన్న బొమ్మను సాయంత్రం నిమజ్జనం చేశాననుకోండి. స్వామికి మీ మనుమరాలి అడుగులకు అడ్డం నిలబడే ఉద్దేశం ఉంటుందని నేను అనుకోను.

ఊడ్చడంతోపాటు గాలికి తలుపు తెరుచుకోకుండా గడియ పెట్టాలి. లేకపోతే వారానికి మళ్లీ అంతే దుమ్ము. అదే స్టోరేజ్ అండ్ డేటాలో మీడియా ఆటో డౌన్‌లోడ్ అని ఉన్నది. మొబైల్ డేటా, వైఫై, రోమింగ్ – మూడింటిలోనూ ఫొటోలు, ఆడియో, వీడియో, డాక్యుమెంట్లు అన్న టిక్కులు తీసివేయండి. అప్పటినుంచి ఎవరు ఏమి పంపినా మసకగా కనిపిస్తుంది. మీరు తాకితేనే దిగుతుంది. కోడలు పంపినది తాకండి, ఇరవైయేడు గ్రూపులవాళ్లను తాకకండి. ఎవరినీ నొప్పించనక్కరలేదు, గ్రూపునుంచి బయటకు వచ్చి మాట పడనక్కరలేదు. మీరు చూడలేదని వారికి తెలిసినా తప్పులేదు, వారు మాత్రం మీవి చూస్తున్నారా ఏమిటి!

పెద్దాయన ఉత్తరం చివర ఒక ముక్క ఉన్నది, దానికి మాత్రం నాకు భయం వేసింది. "మీ ఫోనులో 98 శాతం నిండింది, వైరస్సు చేరింది, ఇక్కడ నొక్కితే శుభ్రమవుతుంది" అని ఒక ఎర్రబొమ్మ మాటిమాటికీ ఎగిరివస్తున్నదట. నొక్కనా అని అడిగారు. నొక్కకండి. ఎట్టి పరిస్థితిలోనూ నొక్కకండి. ఫోను నిజంగా చెప్పే మాట సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అనే చోట ఉంటుంది. అది అరవదు, ఎగరదు. ఎగిరివచ్చేవి వ్యాపార ప్రకటనలు, లేదా అంతకంటే చెడ్డవి. అటువంటి శుభ్రపు యాప్‌లు తామే చోటు తిని, తామే ప్రకటనలు కురిపిస్తాయి. కొన్ని మీ సందేశాలు చదువుకొనేందుకు అనుమతి అడుగుతాయి. బ్యాంకువాళ్లు పంపే ఓటీపీ వచ్చేదీ ఆ సందేశాలలోనే గదా! పెండ్లిపత్రిక పేరుతోనో, ప్రభుత్వ పథకం పేరుతోనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు కూడా ఆ కోవలోవే. ఎంత దగ్గరివారి నంబరునుంచి వచ్చినా తెరవకండి. వారి ఫోను ఇప్పటికే ఎవరి చేతిలోనో ఉండి ఉండవచ్చును. యాప్ ఏది కావాలన్నా ప్లేస్టోరునుంచే తెచ్చుకోండి.

వనపర్తి విద్యార్థికి కొంచెం కరుకుగానే చెబుతాను, ఏమీ అనుకోడు గదా. రాజావారి ప్రాసాదంలో పాలిటెక్నిక్ నడిచిన ఊరివాడు, సాంకేతిక విషయాలు నాకంటే ఎక్కువ తెలిసి ఉండాలి. గ్రూప్స్ పరీక్షకు చదువుతున్నాడు. 64 జీబీ ఫోను కొంటే 64 ఎందుకు లేదని మొదటి ప్రశ్న. నాయనా, ఇల్లు కొన్నప్పుడు గోడల మందం కూడా గజాలలోనే లెక్క. ఫోనును నడిపే ఆండ్రాయిడూ, కంపెనీవాడు ముందే కూర్చిన యాప్‌లూ కలిసి పది పదిహేను జీబీ వాటా తీసికొంటాయి. మిగిలినదాంట్లో నీ సంసారం. అందులోనూ కొంత ఖాళీ వదిలితేనే ఫోను చురుకుగా నడుస్తుంది.

టెలిగ్రామ్‌లో వచ్చిన పుస్తకాలు చోటు తింటున్నాయన్నావు. పుస్తకాలు కావు, పాఠాల వీడియోలూ, వాటి పక్కనే నువ్వు ఉత్తరంలో వ్రాయని సినిమాలూ తింటున్నాయి. టెలిగ్రామ్ సెట్టింగ్స్‌లో డేటా అండ్ స్టోరేజ్‌కు వెళ్లి క్యాష్ ఖాళీ చెయ్యి. అవి టెలిగ్రామ్‌వారి దగ్గర ఉండనే ఉంటాయి. ఆ ఛానలు ఉన్నంతకాలం కావలసినప్పుడు మళ్లీ దింపుకోవచ్చును. డౌన్‌లోడ్స్ ఫోల్డరులో ఒకే పుస్తకం పక్కన ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకొని కూర్చున్నవి ఎన్ని ఉన్నాయో చూడు. దొరకలేదని మళ్లీ మళ్లీ దింపినవి.

క్యాష్ అన్న మాట వచ్చింది గనుక అందరికీ చెబుతున్నాను. ఒక్కొక్క యాప్ దగ్గర స్టోరేజ్‌లోకి వెళితే రెండు మీటలుంటాయి. క్లియర్ క్యాష్ అంటే పొయ్యి పక్కన ఉన్న పోపులపెట్టె ఖాళీ చేయడం. ఆవాలూ జీలకర్రా సామానుల గదిలో ఉన్నాయి, రేపు మళ్లీ నింపుకొంటాము, నష్టం లేదు. క్లియర్ డేటా లేక క్లియర్ స్టోరేజ్ అంటే సామానుల గదినే ఖాళీ చేయడం. వాట్సాప్ దగ్గర ఆ రెండో మీట నొక్కితే, బ్యాకప్ లేనివారి సంభాషణలన్నీ పోతాయి. మీటలు రెండూ పక్కపక్కనే పెట్టిన మహానుభావుడెవరో!

ఆరువందలకు 1 టీబీ మెమరీ కార్డు వస్తున్నది కొననా అని కూడా అడిగాడు. వద్దు. ఆ ధరకు అంత చోటు ఎవరూ ఇవ్వలేరు. అటువంటి దొంగ కార్డు తనలో టీబీ ఉన్నదని ఫోనుకు అబద్ధం చెబుతుంది. అసలు ఉన్న చోటు నిండగానే పాతవాటిమీదే కొత్తవి వ్రాసిపారేస్తుంది. ఎక్కించేటప్పుడు అంతా సవ్యంగానే కనిపిస్తుంది, తెరిచేటప్పుడే తెలుస్తుంది.

ఇక అతని ఉత్తరంలో అసలు దుఃఖం. అక్క పెండ్లి ఫొటోలు గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయ్యాయి గదా, ఫోనులో ఎందుకని అదే యాప్‌లో అన్నింటినీ ఎంచుకొని డిలీట్ నొక్కాడు. ఫోనులోవీ పోయాయి, పైన దాచినవీ పోయాయి. అక్కకు ఇంకా చెప్పలేదట. మూడు వారాలయింది.

నాయనా, ఏడుపు ఆపి, గూగుల్ ఫొటోస్‌లో ట్రాష్ లేక బిన్ అని ఉంటుంది, తెరువు. బ్యాకప్ అయిన ఫొటోలు చెరిపినా 60 రోజులు అక్కడ ఉంటాయి. బ్యాకప్ కానివైతే 30 రోజులే. అన్నింటినీ ఎంచుకొని రిస్టోర్ నొక్కు. ముందు ఫోనులో కొంచెం చోటు చేసి మరీ నొక్కు.

ఇటువంటి పొరపాటు చదువుకొన్నవాళ్లే ఎక్కువగా చేస్తున్నారు. గూగుల్ ఫొటోస్‌లో కనిపించే బొమ్మ ఒక్కటే. అది ఫోనులోనూ పైనా ఉన్నదని చెప్పే అద్దం అది. అద్దంలో చెరిపితే రెండుచోట్లా చెరుగుతుంది. ఫోనులో మాత్రమే తీసివేయాలంటే, అదే యాప్‌లో ఫ్రీ అప్ స్పేస్ అనే మీట వేరే ఉన్నది. అది బ్యాకప్ పూర్తి అయినవాటిని మాత్రమే ఎంచుకొని ఫోనునుంచి తీస్తుంది, పైన ఉన్నవి ఉంటాయి. మరొకటి – వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు వాటంతట అవి బ్యాకప్ కావు. బ్యాకప్ సెట్టింగ్స్‌లో ఏయే ఫోల్డర్లు కావాలో మనం విడిగా చెప్పాలి. మాటలు, అంటే వాయిస్ నోట్స్, గూగుల్ ఫొటోస్‌లోకి అసలు వెళ్లవు. గద్వాల అమ్మగారు ఇది ప్రత్యేకించి గుర్తుంచుకోవాలి.

పైన ఉన్న ఆ గది కూడా ధర్మసత్రం కాదు. ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. ఈమెయిలూ, డ్రైవూ, ఫొటోలూ అన్నీ కలిసి అందులోనే సర్దుకోవాలి. 2021 జూన్ 1కి ముందు కొంచెం తగ్గించిన ఫొటోలు ఎన్ని పెట్టినా లెక్కలోకి రాలేదు. ఆ తరువాతవన్నీ లెక్కే. 2024నుంచి ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ 15లోనే లెక్కించడం మొదలుపెట్టారు. రెండేళ్లపాటు ఎవరూ తొంగిచూడని ఖాతాలను తీసివేసే నియమం కూడా ఒకటి 2023లో పెట్టారు. చనిపోయినవారి ఖాతాలో ఫొటోలున్న ఇళ్లవారు ఈ సంగతి మరవకండి.

వనపర్తి విద్యార్థి ఉత్తరంలో ఇంకా ఒక ప్రశ్న – పాత ఫోను అమ్మేముందు ఏమేమి చేయాలన్నది – మిగిలిపోయింది. కల్వకుర్తి సోదరి అడిగిన ఫోన్‌పే ప్రశ్నకూ జవాబు చెప్పలేకపోయాను. ఆ యాప్ తీసివేస్తే డబ్బు పోదమ్మా, డబ్బు బ్యాంకులోనే ఉంటుందని మాత్రం ఇప్పటికి చెబుతున్నాను. మిగిలినవి వచ్చేవారం. సంపాదకులవారు నాకిచ్చిన ఈ పేజీలోనూ చోటు అయిపోయింది.